పాత ఆఫీసు భవనానికి గ్రీన్ సర్టిఫికెట్: పగలగొట్టే ముందే తేలిపోయే లెక్క

పాత ఆఫీసు భవనాన్ని బాగుచేయించి, దానికి గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఒకటే. ఒక్క గోడ కూడా పగలగొట్టకముందు మీరు ఏం చేశారన్నదాని మీదే చాలావరకు ఫలితం ఆధారపడి ఉంటుంది. కొత్త భవనానికి లెక్క ఖాళీ స్థలం నుంచి మొదలవుతుంది. పాతదానిలో గోడలు, డక్టులు (ఏసీ గాలి వెళ్లే గొట్టాలు), చిల్లర్ (ఏసీకి నీటిని చల్లబరిచే యంత్రం), ఎప్పుడో ఎవరో తీసుకున్న నిర్ణయాలు అన్నీ ఉంటాయి. వాటిలో ఏది ఉంచాం, ఏది తీసేశాం, తీసేసేముందు అది ఎలా ఉండేదో రాసిపెట్టామా అన్న ప్రశ్నలు చివరిదాకా వెంట వస్తూనే ఉంటాయి.

నేను మా సంస్థలో భవనాల నిర్వహణ చూస్తాను. మాది సొంత భవనం, అందులో అన్నీ ఆఫీసులే. ఏసీ వ్యవస్థలో చాలా భాగం మార్చాలి, కిటికీల అద్దాలు మార్చాలి, అన్ని పని అంతస్తుల్లోనూ ఫాల్స్ సీలింగ్ నుంచి వైరింగ్ దాకా కొత్తగా చేయాలి అని యాజమాన్యం నిర్ణయించింది. ఇంత ఖర్చు ఎలాగూ పెడుతున్నాం కాబట్టి లీడ్ సర్టిఫికేషన్‌కి వెళ్దామన్నారు. అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ తయారుచేసిన ఈ రేటింగ్ పద్ధతిని ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. కాగితాలు పరిశీలించి సర్టిఫికెట్ ఇచ్చేది జీబీసీఐ అనే సంస్థ. మొత్తం 110 పాయింట్లు. 40 వస్తే సర్టిఫైడ్, 50కి సిల్వర్, 60కి గోల్డ్, 80కి ప్లాటినం. మా పని వెర్షన్ 4 కింద జరిగింది కాబట్టి ఇక్కడ చెప్పే అంకెలన్నీ దానివే. 2025 ఏప్రిల్‌లో వెర్షన్ 5 వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆ నియమాలు తెరిచి సరిచూసుకోవాలి.

మొదట ఎదురైన చిక్కు, ఏ విభాగంలో నమోదు చేయాలన్నది. రెనొవేషన్‌కి మూడు తలుపులు కనిపిస్తాయి. కొత్త నిర్మాణాల విభాగంలోనే భారీ రెనొవేషన్లకి చోటుంది. లోపలి అలంకరణ, పార్టిషన్లు, లైట్లు మాత్రమే మారుస్తుంటే ఇంటీరియర్స్ విభాగం ఉంది. కట్టడం పని పెద్దగా లేకుండా నడుస్తున్న భవనం పనితీరునే చూపించాలంటే నిర్వహణ విభాగం ఉంది. భారీ రెనొవేషన్ అని ఊరికే అనుకుంటే సరిపోదు. భవనం పై తొడుగు (బయటి గోడలు, అద్దాలు, పైకప్పు) గానీ, ప్రధాన నిర్మాణం గానీ, ఏసీ, కరెంటు, ప్లంబింగ్ లాంటి మూల వ్యవస్థలు గానీ గణనీయంగా మారాలి. పని జరుగుతున్నంతకాలం ఆ చోటును మామూలుగా వాడుకోలేనంత మార్పు అయ్యుండాలి. ఎటూ తేలని భవనాలకి 40/60 సూత్రం ఉంది. ఒక విభాగం భవన విస్తీర్ణంలో 40 శాతం కంటే తక్కువకే సరిపోతే దాన్ని వాడకూడదు. 60 శాతం కంటే ఎక్కువకి సరిపోతే అదే వాడాలి. మధ్యలో ఉంటే టీమ్ ఇష్టం. మాకు ఏసీ, అద్దాలు రెండూ మారుతున్నాయి కాబట్టి భారీ రెనొవేషన్ దారిలోనే వెళ్లాం.

ఈ దారిలో భవనం మొత్తం లెక్కలోకి వస్తుంది. ఇది చాలామందికి మొదట్లో తెలియదు. కింద బేస్‌మెంట్‌లో పాత ఫైళ్లు దాచే గదులున్నాయి. వాటిని ముట్టుకోవడం లేదు కదా, వదిలేద్దామని ఒక విభాగం వాళ్లు గట్టిగా అడిగారు. కుదరదు. నచ్చిన అంతస్తులు చూపించి, నచ్చనివి గీత బయట పెట్టడానికి వీల్లేదు. ఆ గదుల గాలి, లైట్లు, నీళ్లు కూడా తప్పనిసరి షరతులకి లోబడాల్సిందే.

తప్పనిసరి షరతుల గురించి ఒక మాట. పాయింట్ల పట్టిక చూడగానే అందరి కళ్లూ పాయింట్ల మీదకే పోతాయి. నేను మాత్రం పట్టికలో పాయింట్లు లేని వరుసలే ముందు చదవమంటాను. వాటికి ఒక్క పాయింటూ రాదు, కానీ ఒక్కటి తప్పినా సర్టిఫికెట్ రాదు. నీటి వాడకం ప్రామాణిక లెక్క కంటే 20 శాతం తగ్గాలి. ఫ్లష్‌కి 6 లీటర్లు, చేతులు కడిగే కుళాయికి నిమిషానికి 1.9 లీటర్లు అన్నది ఆ ప్రామాణిక లెక్క. భవనం మొత్తానికి కరెంటు మీటరు, నీటి మీటరు ఉండాలి. ఐదేళ్లపాటు ఆ రీడింగులు కౌన్సిల్‌తో పంచుకుంటామని ఒప్పుకోవాలి. లోపల పొగ తాగకూడదు. బయటైతే గుమ్మాలకి, తెరిచే కిటికీలకి, గాలి లోపలికి లాగే చోట్లకి 7.5 మీటర్ల దూరం పాటించాలి. మా భవనం వెనక జనం సిగరెట్ తాగే మూల సరిగ్గా తాజా గాలి లాగే లూవర్ కిందే ఉండేది. ఆ మూలని అక్కడినుంచి తీసేయడానికి పైసా ఖర్చు కాలేదు. మొత్తం ప్రాజెక్టులో మా ఉద్యోగుల ఆరోగ్యానికి జరిగిన మేలుల్లో అదొకటని నా గట్టి నమ్మకం.

షరతుల్లో పాత భవనాలని బాగా ఇబ్బంది పెట్టేది రిఫ్రిజిరెంట్, అంటే ఏసీ యంత్రాల్లో చల్లదనం కోసం తిరిగే వాయువు. సీఎఫ్‌సీ వాయువులతో నడిచే యంత్రాలు ఉండకూడదు. ఉంటే పని పూర్తయ్యేలోపు మార్చేసే ప్రణాళిక చూపాలి. ఓజోన్ పొరని కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఈ వాయువుల మీదే మొదట పడింది. మా దగ్గర పెద్ద చిల్లర్‌లో ఉన్నది ఆర్-22. అది హెచ్‌సీఎఫ్‌సీ, అంటే ఓజోన్‌కి కాస్త తక్కువ హాని చేసే వేరే రకం కాబట్టి ఈ షరతు వరకు గండం లేదు. అయినా దాన్ని ఉంచుకుంటే రిఫ్రిజిరెంట్ల మీదున్న అదనపు పాయింటు అందని పరిస్థితి. ఎలాగూ చిల్లర్ మారుతోంది, ఆ చర్చ అంతటితో ముగిసింది. కాకపోతే పాత యంత్రంలోని వాయువుని గాల్లోకి వదలకుండా సిలిండర్లలోకి లాగించి, ఎంత తూగిందో చీటీ తీసుకోవాలని నేను పట్టుబట్టాను. తుక్కు కొనేవాళ్లు పైపు కోసేసి తీసుకుపోతామంటారు. అలా ఒప్పుకుంటే మనం చేసే మిగతా పనంతటికీ అర్థం ఉండదు.

ఇక అసలు విషయం, పగలగొట్టే ముందు చేసే సర్వే. ఇది మా ప్రాజెక్టుకి ప్రాణం పోసింది.

ఆర్కిటెక్టు, ఏసీ ఇంజనీరు, కాంట్రాక్టరు మనిషి, నేను కలిసి ఒక్కో అంతస్తు తిరిగాం. ప్రతి గది గోడలు, తలుపులు, నేల, సీలింగు వైశాల్యం కొలిచి రాశాం. ఫాల్స్ సీలింగ్ పలకలు తీయించి పైన డక్టులు ఎలా ఉన్నాయో ఫోటోలు తీశాం. అద్దం ఒంటి పొరా రెండు పొరలా, గోడ మందం ఎంత, పైకప్పు మీద ఇన్సులేషన్ ఉందా లేదా అన్నీ నమోదు చేశాం. పైపుల చుట్టూ ఉన్న పాత తొడుగులో ఆస్బెస్టాస్ ఉందేమోనని నమూనాలు ల్యాబ్‌కి పంపాం. ఈ పని జరుగుతున్నప్పుడు కాంట్రాక్టరుకి అసహనం. "సార్, రేపు పడగొట్టేదానికి ఇవాళ కొలతలెందుకు?" అని సైట్ ఇంజనీరు ఒకటికి రెండుసార్లు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అతని చేతిలో ఉన్నది పని పూర్తిచేయాల్సిన తేదీ. నేను అతనికి రెండు కారణాలు చెప్పాను.

ఒకటి ఎనర్జీ మోడల్. భవనం ఎంత కరెంటు ఆదా చేస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి, ఆశ్రే (ఏసీ ఇంజనీర్ల అమెరికా సంఘం) వాళ్ల 90.1 ప్రమాణం ప్రకారం తయారుచేసిన ఒక ఊహా భవనంతో పోలుస్తారు. భారీ రెనొవేషన్‌కి కనీసం 3 శాతం మెరుగుదల చూపాలి. ఆపైన ఎంత మెరుగైతే అన్ని పాయింట్లు, గరిష్ఠంగా 18. పట్టికలో ఇంతకంటే పెద్ద వరుస లేదు. కొత్త భవనానికైతే ఆ ఊహా భవనం గోడలు, అద్దాలు ప్రమాణంలో చెప్పినట్టు ఉంటాయి. పాత భవనానికి మాత్రం మార్పులు చేయకముందు ఎలా ఉన్నాయో అలాగే పెట్టమంటుంది నియమం. అంటే మన ఒంటి పొర అద్దం, ఇన్సులేషన్ లేని పైకప్పు ఉన్నవి ఉన్నట్టుగా పోలికలోకి వస్తాయి. వాటిని మార్చినందువల్ల కలిగే లాభం పూర్తిగా మన ఖాతాలో పడుతుంది. కానీ అవి అలా ఉండేవని చూపించాలి కదా! అద్దాలు లారీ ఎక్కాక సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

రెండోది పునర్వినియోగం. పూర్తయిన భవనం ఉపరితల వైశాల్యంలో పాతదాన్ని 25 శాతం నిలబెడితే 2 పాయింట్లు, 50 శాతానికి 3, 75 శాతానికి 4. స్లాబులు, పైకప్పు, బయటి గోడలు, లోపలి గోడలు, తలుపులు, నేల, సీలింగు లెక్కలోకి వస్తాయి. కిటికీలు రావు. ప్రమాదకరమని తొలగించినవీ రావు. కొలతలు లేకపోతే శాతం చెప్పలేం, శాతం చెప్పలేకపోతే పాయింటు లేదు.

ఇక్కడ నా అభిప్రాయం కాస్త గట్టిగానే చెబుతాను. పాత కాంక్రీటుని అలాగే ఉంచినందుకు ఈ పద్ధతి ఇచ్చే పాయింట్లు చాలా తక్కువ. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 నుంచి 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తోంది. నిలబడి ఉన్న స్లాబు అంటే ఆ ఉద్గారం ఎప్పుడో జరిగిపోయింది. దాన్ని కూల్చి కొత్తది పోస్తే మళ్లీ జరుగుతుంది. మెరిసే కొత్త భవనానికి గోల్డ్, బాగుచేసిన పాత భవనానికి కూడా అదే గోల్డ్ రావడం నాకు సమంజసంగా అనిపించదు.

ఆ నమ్మకంతోనే ఆర్కిటెక్టుతో చాలా వాదించాను. లోపలి ఇటుక గోడలన్నీ తీసేసి మొత్తం ఒకే హాలుగా తెరవాలని ఆయన ఆలోచన. వెలుతురు కోసం అన్న ఆయన మాటలో నిజముంది. చివరికి కిటికీల వరుసకి అడ్డంగా ఉన్న గోడలు తీసి, మధ్యలో లిఫ్టుల చుట్టూ, మెట్ల చుట్టూ ఉన్నవాటిని ఉంచాం. మీటింగు గదులు ఆ మధ్య గోడలకి ఆనించి పెట్టాం. సర్వేలో కార్పెట్ టైల్స్ లేపి చూస్తే కింద పాత మొజాయిక్ నేల ఉంది. అక్కడక్కడా పగుళ్లు తప్ప గట్టిగానే ఉంది. దాన్ని పూడ్చి పాలిష్ పట్టిస్తే చాలన్నాడు మేస్త్రీ. మూడు అంతస్తుల్లో కొత్త ఫ్లోరింగ్ కొనే అవసరమే లేకపోయింది. వైశాల్యం లెక్కలోనూ అది మాకు బాగా కలిసొచ్చింది. కుర్చీలు, టేబుళ్ల సంగతీ అంతే. ఏడాది దాటిన పాత ఫర్నిచర్‌ని మళ్లీ వాడితే, దానికి కొత్తగా వేసే రంగు, జిగురు నియమాలకి లోబడి ఉన్నంతవరకు, హానికర వాయువుల పరీక్షలో అది నెగ్గినట్టే తీసుకుంటారు. కొత్త ఫర్నిచర్‌కి ల్యాబ్ సర్టిఫికెట్ల కోసం కంపెనీల వెంట పడాలి. పాతదానికి ఆ బాధ లేదు.

కూల్చివేత మొదలయ్యాక టెన్షన్ అంతా శిథిలాల మీదకి మారింది. కనీసం ఐదు రకాల సామగ్రిని చెత్తదిబ్బకి పోకుండా ఎలా మళ్లిస్తామో ముందే ప్రణాళిక ఇవ్వాలి, ఇది తప్పనిసరి. నిజంగా మళ్లించినదాన్ని బట్టి పాయింట్లు. 50 శాతం, మూడు రకాలుగా మళ్లిస్తే ఒకటి. 75 శాతం, నాలుగు రకాలుగా మళ్లిస్తే రెండు. మేం ఇనుము, అల్యూమినియం, జిప్సం పలకలు, ఇటుక ముక్కలు, కలప వేరువేరు కుప్పలుగా పెట్టించాం. సైట్‌లో చోటు ఇరుకు. సాయంత్రమయ్యేసరికి కుప్పలు కలిసిపోయేవి. ఒక్కో కుప్పకి ఒక్కో మనిషిని బాధ్యుడిగా పెట్టాక అది కుదుటపడింది. శిథిలాలు తరలించే ఏజెన్సీ మొదట్లో తూకం చీటీలు లేకుండానే లోడ్లు పంపింది. బిల్లులో లారీల సంఖ్య మాత్రం రాసింది. లారీల సంఖ్య ఎవరికీ పనికిరాదు. బరువు కావాలి, ఏ యార్డుకి చేరిందో కావాలి. వేబ్రిడ్జి చీటీ, యార్డు ముద్ర రెండూ లేనిదే బిల్లు పాస్ కాదని గేటు దగ్గర బోర్డు పెట్టించాం. మర్నాటినుంచి చీటీలు క్రమంగా రావడం మొదలైంది.

పాత వ్యవస్థల్లో కొన్నిటిని ఉంచుకున్నప్పుడు కమిషనింగ్ ఎంత విలువైందో నాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది. యంత్రాలు డిజైన్‌లో అనుకున్నట్టు నడుస్తున్నాయో లేదో విడిగా ఒక నిపుణుడు పరీక్షించడం అది. ఆయన్ని డిజైన్ దశలోనే తీసుకోవాలి. పని అయిపోయాక పిలిస్తే సంతకం పెట్టడానికి తప్ప పనికిరాడు. మేం ఉంచుకున్న ఏహెచ్‌యూలని (గాలిని చల్లబరిచి డక్టుల్లోకి తోడే యంత్రాలు) మా నిపుణుడు విప్పించి చూస్తే, రెండిటిలో తాజా గాలిని తెరిచి మూసే డ్యాంపర్లు తుప్పుపట్టి మూసుకుపోయి ఉన్నాయి. కంట్రోల్ కంప్యూటర్ తెర మీద మాత్రం తెరిచినట్టే చూపిస్తోంది. ఆ అంతస్తుల్లో మధ్యాహ్నానికల్లా తలనొప్పి అని జనం ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. ఆశ్రే వాళ్ల గాలి ప్రమాణం 62.1 ప్రకారం ఆఫీసులో మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగులు, దానికితోడు ప్రతి చదరపు అడుగుకి 0.06 ఘనపుటడుగు బయటి గాలి అందాలి. వాళ్లకి అందులో ఎంత అందిందో తలుచుకుంటే బాధ కలిగింది.

రంగులు, జిగుర్లు, సీలెంట్ల డేటా షీట్లు పోగుచేయడం ఓపికతో చేసే పని, ఎక్కువ చెప్పను. డబ్బా సైట్‌లోకి రాకముందే షీట్ చూసి అనుమతించాలి, వాడేశాక అడిగితే దొరకదు. పని జరిగేటప్పుడు డక్టుల నోళ్లు ప్లాస్టిక్‌తో మూయించాలి. అప్పటికే ఏసీ నడపాల్సి వస్తే మెర్వ్ 8 (దుమ్ము పట్టే సామర్థ్యానికి కొలత) ఫిల్టర్లు పెట్టి నడపాలి. దుమ్ము డక్టులోకి పోయిందంటే తర్వాత ఊపిరితిత్తుల్లోకే.

ఆఖర్న అందరి సహనాన్నీ పరీక్షించింది ఫ్లష్-అవుట్. కొత్త రంగులు, కార్పెట్లు వదిలే వాయువులు బయటికి పోయేలా భవనంలోకి బయటి గాలిని ధారాళంగా తోడడమే అది. చదరపు అడుగుకి 14,000 ఘనపుటడుగుల గాలి పంపాలి. లోపలి వేడి 15 నుంచి 27 డిగ్రీల మధ్య, తేమ 60 శాతం లోపు ఉండాలి. చదరపు అడుగుకి నిమిషానికి ఒక ఘనపుటడుగు చొప్పున తోడగలిగితే రాత్రింబవళ్లు సుమారు పది రోజులు పడుతుంది. చాలా ఆఫీసు ఫ్యాన్లు అందులో చిన్న వంతే తోడగలవు. పైగా బయట తేమ ఎక్కువుంటే ఆ గాలిని ఆరబెట్టే భారం కొత్త చిల్లర్ మీద పడుతుంది. అద్దె భవనంలో సర్దుకున్న మా ఉద్యోగులు ఎప్పుడు వస్తామా అని ఎదురుచూస్తున్నారు. అద్దె మీటరు తిరుగుతోంది. నియమంలో ఇంకో దారి ఉంది. ముందు 3,500 ఘనపుటడుగులు పంపి మనుషుల్ని రానిచ్చి, ఆ తర్వాత రోజూ వాళ్లు రావడానికి కనీసం మూడు గంటల ముందునుంచి ఎక్కువ గాలి పంపుతూ 14,000 పూర్తిచేయవచ్చు. లేదంటే గాలిని పరీక్ష చేయించి ఫార్మాల్డిహైడ్ 27 పీపీబీ (వంద కోట్ల భాగాల గాలిలో 27 భాగాలు) లోపు, ఇతర కాలుష్యాలు వాటి హద్దుల లోపు ఉన్నాయని చూపాలి. మేం రెండు అంచెల దారిలో వెళ్లాం. ఫ్యాన్ల లాగ్ పుస్తకం రోజూ నేనే సరిచూశాను.

పత్రాల పరిశీలన రెండు విడతల్లో పెట్టుకున్నాం, డిజైన్‌వి ముందు, నిర్మాణంవి తర్వాత. ప్రతి విడతలో తొలి సమీక్ష వస్తుంది, జవాబులిస్తే తుది సమీక్ష. మామూలుగా ఒక్కో సమీక్షకి 20 నుంచి 25 పనిదినాలు పడతాయి. యాజమాన్యానికి ప్రారంభోత్సవం తేదీ చెప్పేముందు ఇది కలుపుకోవాలి. ఎక్కువ ప్రశ్నలు వచ్చింది మేం ఊహించినట్టు ఎనర్జీ మోడల్ మీదే. పాత అద్దాల విలువలకి ఆధారం చూపండన్నారు. సర్వే ఫోటోలు, కొలతల పట్టిక, పాత డ్రాయింగులు పంపాం. తుది సమీక్షలో ఆ పాయింట్లు నిలిచాయి. పునర్వినియోగం లెక్క ఒక్క ప్రశ్న లేకుండా గట్టెక్కింది. గోల్డ్ వచ్చింది. వెలుతురు మీద ఆశ పెట్టుకున్న పాయింట్లు రాలేదు. మధ్య గోడలు ఉంచుకున్నాం కాబట్టి ఆ పాయింట్లు పోయినా నాకు చింత లేదు. అప్పీలు కూడా చేయలేదు. గోల్డ్‌కి కావాల్సిన 60 కంటే కొన్ని పాయింట్లు ఎక్కువకే మొదటినుంచీ గురిపెట్టాం కాబట్టి అది మమ్మల్ని కిందికి దించలేదు.

ఇప్పుడు మీటరు రీడింగులు పంపుతున్నాం. మా రెండో భవనం పని టెండరు దశలో ఉంది. అందులో కూల్చివేతకి ముందు సర్వేని ధర వేయాల్సిన ఒక ప్రత్యేక ఐటమ్‌గా చేర్చాం. అది పూర్తయి మా సంతకం పడేదాకా సుత్తి సైట్‌లోకి రాకూడదన్న షరతు కూడా రాశాం. టెండరు వేస్తున్నవాళ్లలో ఒకరు అప్పుడే ఫోన్ చేసి, ఆ షరతు సడలించగలరా అని అడిగారు. కుదరదని చెప్పాను.